అత్తగారి బూటు, కోడలి ఫోకస్

"ఇందులో నేనెవరమ్మాయ్?" అని అడిగింది అత్తగారు, ల్యాప్‌టాప్ మీదికి వంగి.

కోడలు తెర మీద ఒక బూడిదరంగు మబ్బు మీద వేలు పెట్టింది. "ఇదిగో, మీరే అత్తయ్యా. కాస్త కదిలారు."

"నేను ఇనుప గుండు విసరడానికి వెళ్ళానమ్మా, పాస్‌పోర్టు ఫోటో దిగడానికి కాదు."

తర్వాతి ఫోటోలో అత్తగారి మోచెయ్యి ఒక్కటే స్పష్టంగా ఉంది. ఆ తర్వాతి దాంట్లో అత్తగారు మొత్తం మసక, వెనకాల కంచె మీద వాలిన కాకి మాత్రం ఈకఈకా లెక్కపెట్టుకునేంత బాగా పడింది. అత్తగారు కళ్ళద్దాలు సర్దుకుని కాకిని చాలాసేపు చూసింది.

"ముచ్చటగా ఉంది. దానికో కాపీ పంపించు."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ కొడుకు నవ్వు వచ్చినా నవ్వలేదు. అతను వీధి చివర బేకరీ నడుపుతాడు. తల్లికీ భార్యకీ మధ్య ఎప్పుడు పిండి గుర్తుకు రావాలో అతనికి బాగా తెలుసు. "పిండి పొంగిందేమో చూసొస్తా" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

అత్తగారు సగం జీవితం బడిలో డ్రిల్లు టీచరుగా గడిపింది. రిటైరయ్యాక మెడలోని ఈల తీసి మేకుకి తగిలించి, వయసు మళ్ళినవాళ్ళ క్రీడల పోటీల్లో షాట్‌పుట్ విసరడం మొదలుపెట్టింది. మనిషి పొట్టి, భుజాలు వెడల్పు, గొంతు మైదానం ఈ చివర నుంచి ఆ చివరకి వినబడేది. ఎప్పుడు పోటీ జరిగినా ఆవిడది రెండో స్థానమే. మొదటి స్థానం లైబ్రరీ మేడమ్‌ది. లైబ్రరీ మేడమ్ కూడా రిటైరైన మనిషే. పొడుగ్గా, సన్నగా, నెమ్మదిగా ఉంటుంది. గుండు విసిరేటప్పుడు కూడా పక్కవాళ్ళు చదువుకుంటున్నారేమోనన్నట్టు చప్పుడు చెయ్యదు. ఇద్దరూ ఒకరినొకరు "వదినగారూ" అని పిలుచుకుంటారు. ఆ పిలుపులో ఎంత మర్యాద ఉండేదో అంత పౌరుషమూ ఉండేది.

కోడలు ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. వారమంతా చీకటి గదిలో "ఊపిరి బిగపట్టండి, కదలకండి" అని జనానికి చెప్పి చెప్పి, సెలవురోజు వచ్చేసరికి ఎవరూ ఊపిరి బిగపట్టని, ఎవరూ కదలకుండా నిలబడని చోటికి కెమెరా వేసుకుని వెళ్ళేది. పరుగుపందేలు, వాలీబాల్, సైకిల్ పోటీలు, ఏది దొరికితే అది. తీసేదంతా నలుపు తెలుపే. రంగులుంటే చూపు బనీన్ల వెంటా జెండాల వెంటా పోతుందనీ, రంగు తీసేస్తే మనిషి ఒళ్ళు మిగులుతుందనీ ఆమె నమ్మకం. ఎముకలు చూడటానికి అలవాటుపడ్డ కళ్ళు మరి.

అంతవరకైతే అత్తగారికి అభ్యంతరం లేదు. ఆవిడ బాధంతా ఆ లెన్సుతోనే. పాత కెమెరాలు బాగుచేసే కొట్లో అద్దాల బీరువా వెనక దొరికిన లెన్సు అది. ఒళ్ళంతా లోహం. రాతి ముక్కలా బరువు. దానంతట అది ఏ పనీ చెయ్యదు. మనిషి ముందుకొస్తే ఉంగరంలాంటి పట్టీని చేత్తో ఇటు తిప్పాలి, వెనక్కి వెళితే అటు తిప్పాలి. కోడలు దాన్ని కొత్త కెమెరాకి తగిలించి, మెత్తటి గుడ్డతో రోజూ తుడుచుకునేది.

"నాకంటే ముసలిది" అనేది అత్తగారు. "నయం, నేను నా అంతట నేను తిరుగుతున్నాను. దీన్ని నువ్వు తిప్పాలి."

"కొత్త లెన్సులు అన్నీ వాటంతటవే చేసేస్తాయి అత్తయ్యా. ఇక నేనెందుకు?"

"కాకుల్ని తియ్యడానికి."

కోడలికి కోపం రాలేదు, కానీ పంతం వచ్చింది. ఆ వారం బడి వెనక మైదానంలో అత్తగారు సాధన చేస్తుంటే రోజూ సాయంత్రం వెళ్ళింది. అత్తగారు గుండును మెడకి ఆనించుకుని, వెనక్కి తిరిగి వంగి, ఒక్క గెంతుతో తిరిగి విసిరేది. కోడలు పట్టీ తిప్పుతూ ఆవిణ్ణి వెంబడించేది. ఫోకస్ కుదిరేసరికి గుండు గడ్డిలో పడి ఉండేది. "గుండు పడింది, కొలిచాను, తిరిగి తెచ్చుకున్నాను కూడా. నీ ఫోటో అయిందా?" అని అరిచేది అత్తగారు. అక్కడ నడకకి వచ్చినవాళ్ళంతా నవ్వేవాళ్ళు.

ఆలోచన ఆస్పత్రిలో తట్టింది. మోకాలు నొప్పితో వచ్చిన ఒక పెద్దాయన్ని బల్ల మీద సర్దుతుండగా కోడలు తన చేతుల వంక తనే చూసుకుంది. తనెప్పుడూ రోగి వెనకాల మిషనుతో పరిగెత్తలేదు. ముందు మిషనును ఒకచోట సర్దుతుంది, మోకాలు అక్కడికి వస్తుంది. మైదానంలో మాత్రం ఎందుకు పరిగెత్తడం? షాట్‌పుట్ వలయానికి ముందు తెల్లరంగు వేసిన చెక్కదిమ్మ ఒకటి ఉంటుంది, విసిరేవాళ్ళ కాలు ముందుకు జారిపోకుండా. దానికి లోపలివైపు నుంచి కాలు ఆనించవచ్చు, దాని మీద మాత్రం కాలు పెట్టకూడదు. పెడితే ఆ విసురు లెక్కలోకి రాదు. ఎవరెంత గెంతినా చివరికి కాలు వచ్చి ఆగేది ఆ చెక్క దగ్గరే. చెక్క ఎక్కడికీ పోదు. దాని మీద ఫోకస్ పెట్టుకుని, పట్టీ ముట్టుకోకుండా కూర్చుంటే అత్తగారే వచ్చి అందులో పడుతుంది.

"పరిగెత్తడం మానేశాను" అని ఆ రాత్రి భోజనాల దగ్గర భర్తతో చెప్పింది.

"మంచిపని. ఎవరి వెనకాల?"

"మీ అమ్మ వెనకాల."

"అది మేమందరం ఎప్పుడో మానేశాం" అన్నాడతను.

పోటీల రోజు ఎండ బాగా కాసింది. నీడలు నల్లగా, గట్టిగా పడ్డాయి. కోడలు గడ్డి మీద బోర్లా పడుకుని లెన్సును చెక్క మీద సరిచేసుకుంది. తెల్లచెక్క అంచు, దాని మీద పెచ్చులూడిన రంగు, వలయంలో ఇసుక రేణువులు అన్నీ కంట్లో పడ్డాయి. ఇక పట్టీ తిప్పకూడదని ఎడంచేతిని కడుపు కింద పెట్టేసుకుంది, అలవాటుగా ఎక్కడ తిప్పేస్తుందో అని.

లైబ్రరీ మేడమ్ ఎప్పట్లాగే చప్పుడు లేకుండా విసిరి, ఎప్పట్లాగే ముందుంది. ఆఖరి విసురు అత్తగారిది. కాలు చెక్క మీద పడిందేమో చూడాల్సిన అంపైరుకి అప్పుడే తుమ్ములు పట్టుకున్నాయి. ఎండకో, గడ్డికో, వరసగా తుమ్ముతూ జేబురుమాలు వెతుక్కుంటున్నాడు. రెండో అంపైరు గుండు ఎక్కడ పడుతుందా అని దూరంగా చూస్తున్నాడు. అత్తగారు ఒక్క గెంతు గెంతి, మైదానం దద్దరిల్లేలా "హో!" అని విసిరింది. కోడలు మీట నొక్కింది.

గుండు లైబ్రరీ మేడమ్ గుర్తు దాటి పడింది. తుమ్ముల అంపైరు కన్నీళ్ళు తుడుచుకుని, విసురు చెల్లిందని తెల్లజెండా ఎత్తాడు. అత్తగారు చిన్నపిల్లలా ఎగిరి గెంతింది. టోపీ గాల్లోకి విసిరింది. లైబ్రరీ మేడమ్ దగ్గరికి వచ్చి చెయ్యి కలిపి, "బాగా విసిరారు వదినగారూ" అంది. అత్తగారికి ఆ మాట పతకం కంటే తియ్యగా ఉంది.

ఇంటికొచ్చి కోడలు ఫోటోలు తెరిచింది. ఒకదాని దగ్గర ఆగిపోయింది. ఇన్నాళ్ళూ తను తియ్యాలనుకున్న ఫోటో అదే. బిగిసిన దవడ, ఉబ్బిన బుగ్గ, చెవి వెనక చెమట చుక్క, వేళ్ళ చివర నుంచి వదలబోతున్న నల్లటి గుండు. ముఖం నుంచి కాళ్ళ దాకా ఎక్కడా మసక లేదు. కోడలు మురిసిపోతూ ఫోటోని పెద్దది చేసుకుంటూ కిందికి దిగింది. మోకాలు, పిక్క, బూటు. అన్నిటికంటే స్పష్టంగా పడింది బూటే, ఎందుకంటే ఫోకస్ పెట్టింది అక్కడే. నల్లబూటు మొన తెల్లచెక్క మీద నిక్షేపంగా కూర్చుని ఉంది. గుండు ఇంకా వేళ్ళ చివరే ఉంది.

భర్తని పిలిచి చూపించింది. అతను వంగి చూశాడు, కళ్ళు చికిలించి చూశాడు, ఆమె మొహం వంక చూశాడు.

"పిండి..." అన్నాడు.

"ఇప్పుడు పిండి మాటెత్తారంటే ఊరుకోను. ఏం చెయ్యమంటారు, చెప్పండి."

"అమ్మ ఇన్నేళ్ళకి గెలిచింది. నువ్వు ఇన్నాళ్ళకి స్పష్టంగా తీశావు. ఇద్దరికీ ఒకేరోజు అదృష్టం పట్టింది. అదే చిక్కు" అన్నాడు. అంతకుమించి అతని వల్ల కాలేదు.

దాచేద్దామని ఆమె ల్యాప్‌టాప్ మూసేలోపే అత్తగారు పతకం మెడలో వేసుకునే వచ్చింది. "ఏదీ, ఈసారి కాకి ఎలా వచ్చింది?" అంటూ తెర ముందుకి జరిగింది. ఆవిడ చూపు తన మొహం దగ్గరే ఆగిపోయింది.

"అమ్మాయ్" అంది చివరికి, ఎప్పుడూ లేని చిన్న గొంతుతో, "విసిరేటప్పుడు నేనిలా ఉంటానా?"

"ఇలాగే ఉంటారు అత్తయ్యా."

"నేనేదో బస్తా మోస్తున్న మనిషిలా ఉంటాననుకున్నాను ఇన్నాళ్ళూ." చెంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. "నీ ముసలి లెన్సుని నోటికొచ్చినట్టు అన్నాను. దాన్నేమీ అనుకోవద్దని చెప్పు. దీన్ని పెద్దది చేయించు. హాల్లో పెడదాం."

కోడలు నీళ్ళు నమిలింది. "అలాగే అత్తయ్యా. కింద కొంచెం కత్తిరిస్తే ఇంకా అందంగా ఉంటుంది. నడుము దాకా పెడదాం."

"కాళ్ళు తీసేస్తావా?" అత్తగారు నిర్ఘాంతపోయింది. "బలమంతా కాళ్ళలోనే ఉందమ్మా! కాళ్ళు లేకుండా విసిరితే గుండు ఒళ్ళో పడుతుంది. పిల్లలకి చెప్పీ చెప్పీ నా గొంతు అరిగిపోయింది. కాళ్ళు ఉండాల్సిందే. బూట్లతో సహా."

"బూట్లతో సహానా?"

"కొత్త బూట్లు కూడాను."

అలా ఆ ఫోటో కిటికీ అంత పెద్దదై, నల్ల చట్రంలో హాల్లో సోఫా పైన వెలిసింది. వచ్చిన ప్రతివాళ్ళనీ అత్తగారు దాని ఎదురుగా కూర్చోబెట్టేది. కోడలు ప్రతిసారీ ట్రే పట్టుకుని ఫోటో కింది సగానికి అడ్డంగా నిలబడేది. "ఎందుకలా గోడకి అంటుకుపోతావు, కూర్చో" అని అత్తగారు కసిరేది. పాలవాడు చూశాడు, పక్కింటివాళ్ళు చూశారు. షాట్‌పుట్ నియమాలు ఎవరికీ తెలియవు కాబట్టి అందరూ బుగ్గనే మెచ్చుకున్నారు. కోడలు మెల్లగా ఊపిరి పీల్చుకోవడం మొదలుపెట్టింది.

అప్పుడు అత్తగారు లైబ్రరీ మేడమ్‌ని టీకి పిలిచింది.

లైబ్రరీ మేడమ్ వచ్చింది. సోఫాలో కూర్చోలేదు. ఫోటో ఎదుట నిలబడి, పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చదివే మనిషిలా పైనుంచి కిందికి నెమ్మదిగా చూసుకుంటూ వచ్చింది. గుండు చూసింది, వేళ్ళు చూసింది, బుగ్గ చూసింది. కోడలు ట్రేతో అడ్డం వెళ్ళబోయింది. "కాస్త జరుగుతావా అమ్మా" అంది ఆవిడ మృదువుగా. ఇక జరగక తప్పలేదు.

"ఎలా ఉంది వదినగారూ?" అంది అత్తగారు, సంతోషం పట్టలేక.

లైబ్రరీ మేడమ్ కళ్ళద్దాలు తీసి, పెట్టుకుని, "బూట్లు బావున్నాయి వదినగారూ" అంది.

ట్రేలో చెంచా టంగుమంది. బేకరీ నుంచి అప్పుడే కేకు తెచ్చిన కొడుకు, దాన్ని గుమ్మం పక్కనే పెట్టేసి, ఇంకో కేకు తెస్తానని వెనుదిరిగాడు. లైబ్రరీ మేడమ్ టీ తాగి, కేకు తిని, కోడలి భుజం తట్టి, "చాలా స్పష్టంగా తీశావమ్మా. అసలు ఇంత స్పష్టంగా తియ్యడం ఎలా కుదిరింది?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

"అదేమిటి, ఆవిడకి బూట్లు తప్ప ఇంకేమీ కనబడలేదా?" అని గొణుక్కుంటూ అత్తగారు స్టూలు లాక్కుని ఎక్కింది. ముక్కు చట్రానికి ఆనేంత దగ్గరగా వెళ్ళింది.

"అమ్మాయ్."

"అత్తయ్యా."

"ఇదేమిటి?"

"మీ బూటు అత్తయ్యా."

"దాని కింద?"

"చెక్క."

అత్తగారు స్టూలు మీదే నిలబడి వెనక్కి తిరిగింది. "నీకెప్పటినుంచి తెలుసు?"

"తీసిన రోజు నుంచీ."

"నడుము దాకా కత్తిరిద్దామన్నది ఇందుకా? గోడకి బల్లిలా అంటుకున్నది ఇందుకా?"

కోడలు తలూపింది. తిట్లకి సిద్ధపడి నిలబడింది. అత్తగారు స్టూలు దిగి సోఫాలో కూర్చుంది. మెడలో పతకం లేదు గానీ, ఉన్నట్టే అక్కడ తడుముకుంది. ఆ మనిషి బడిలో గీత దాటిన పిల్లలెవర్నీ వదిలేది కాదు. వేలు మొన తగిలినా ఈల వేసి వెనక్కి పంపేది. ఎంత ఏడ్చినా సరే, "గీతంటే గీతే" అనేది.

అత్తగారు తలెత్తి కోడలి వంక చూసింది. "నాకు ఒక్కటే బాధగా ఉంది. ఇన్నాళ్ళూ నన్ను మబ్బులా తీశావు, పొగలా తీశావు, మోచెయ్యి తీశావు, కాకిని తీశావు. తీరా నేను చెక్క తొక్కిన రోజునే నీకు ఫోకస్ కుదరాలా తల్లీ?"

కోడలు ఏడుద్దామనుకుంది, నవ్వొచ్చింది. అత్తగారూ నవ్వింది గానీ సగంలోనే ఆపేసి లేచింది. "చెప్పులేసుకో. కెమెరా తీసుకో. పతకం బీరువాలో ఉంది, అదీ తీసుకో."

లైబ్రరీ మేడమ్ ఇల్లు రెండు వీధుల అవతల. తలుపు తీస్తూనే ఆవిడ చిన్నగా నవ్వింది. అత్తగారు లోపలికి కూడా వెళ్ళకుండా గుమ్మంలోనే పతకం ఆవిడ చేతిలో పెట్టింది.

"ఇది మీది వదినగారూ. నేను తొక్కాను. నాకు తెలియలేదు, నిజంగా తెలియలేదు."

"నాకు తెలుసు. నేను ఆరోజు అక్కడే నిలబడి ఉన్నాను కదా, చూశాను."

అత్తగారు తెల్లబోయింది. "చూసీ ఊరుకున్నారా?"

"చెబుదామని నోరు తెరిచాను. మీరు గెంతడం మొదలుపెట్టారు. టోపీ విసిరేశారు. మనిషి అంత సంతోషంగా గెంతడం నేనెప్పుడూ చూడలేదు వదినగారూ. ఆపబుద్ధి కాలేదు. పోనీలే, ఒక్క పతకమే కదా అనుకున్నాను."

"మరి ఇవాళ బూట్లన్నారేం?"

లైబ్రరీ మేడమ్ మొదటిసారి గొంతు పెంచింది. "పతకం వదులుకున్నాను, బాగానే ఉంది. మీరేమో దాన్ని కిటికీ అంత చేసి, గోడకి తగిలించి, టీకి పిలిచి మరీ చూపిస్తే! నేనూ మనిషినే కదండీ!"

ముగ్గురూ గుమ్మంలో నిలబడి పక్కింటివాళ్ళు తొంగిచూసేంతగా నవ్వారు. లైబ్రరీ మేడమ్ మాత్రం పతకం తీసుకోనంది. ఇచ్చింది పుచ్చుకోవడం తనకి చేతకాదనీ, గెలిచి తీసుకుంటాననీ అంది. మర్నాడు పొద్దున్నే బడి మైదానంలో ఇద్దరూ మళ్ళీ విసిరారు. చూడటానికి కోడలొక్కతే. అత్తగారు మొదట చెక్కకి భయపడి అంత దూరం నుంచే విసిరింది. గుండు పోయినట్టే పోయి దగ్గర్లోనే చతికిలబడింది. "వదినగారూ, చెక్క కరవదండీ" అంది లైబ్రరీ మేడమ్. తర్వాత అత్తగారు బాగానే విసిరింది. పతకం వచ్చిన విసురుకి జానెడు తక్కువ, కాలు చెక్కకి ఇవతల. లైబ్రరీ మేడమ్ గుండు దానికి కాస్త ముందు పడింది. అత్తగారు పతకాన్ని తన చేత్తో ఆవిడ మెడలో వేసి, ఒకసారి తిరగేసి చూసుకుని, వదిలేసింది. వదిలేటప్పుడు ఆ మొహంలో బాధ కనబడింది. కోడలు అప్పుడు కెమెరా ఎత్తలేదు.

పోటీలు జరిపించే సంఘం కార్యదర్శి దగ్గరికి కూడా అత్తగారే వెళ్ళి జరిగింది చెప్పింది. ఆయనకి ఇలాంటి ఫిర్యాదు ఎప్పుడూ రాలేదు, తన మీద తనే చేసుకునేది. ఫలితం మారుస్తామనీ, ఆ తుమ్ముల అంపైరుని వచ్చే పోటీల నుంచి గుండు ఏరడానికి వేస్తామనీ అన్నాడు. "మరి కాళ్ళ దగ్గర ఎవరుంటారు?" అని అడిగింది అత్తగారు. ఆయన ఆవిడ వంకే చూశాడు.

ఆవిడ పోటీ మానలేదు. కానీ కాలేజీ అమ్మాయిల పోటీలకి కాళ్ళ అంపైరుగా వెళ్ళడం మొదలుపెట్టింది. మొదటిరోజు నల్ల కళ్ళజోడు, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చేతిలో జెండాలు. మడత కుర్చీలో కూర్చుని చెక్క వంకే చూసింది. మంచినీళ్ళు తాగేటప్పుడు కూడా చూపు తిప్పలేదు. ఒకమ్మాయి గుండు భుజానికెత్తుకుని వలయంలోకి వచ్చింది. మైదానమంతా సద్దుమణిగింది. కోడలు పక్కన గడ్డిలో, ఫోటోలు తీసేవాళ్ళ కోసం సున్నంతో గీసిన గీత వెనక బోర్లా పడుకుని, చక్కటి నీడ కోసం అంగుళం అంగుళంగా ముందుకి జరిగింది.

ఎర్రజెండా టపామని లేచింది.

అమ్మాయి బిత్తరపోయి తన కాళ్ళు చూసుకుంది. "నీది కాదమ్మా, నువ్వు బాగానే ఉన్నావు" అంది అత్తగారు. జెండాని గడ్డి వైపు తిప్పి, మైదానం ఆ చివరకి వినబడే గొంతుతో కేకేసింది.

"ఆ ఫోటోల అమ్మాయి! మోచెయ్యి గీత మీద ఉంది. వెనక్కి!"